కొడవలి అంచున ఎరుపు

లేపాక్షి వీరభద్రస్వామి గుడిలో తల పైకెత్తి నిలబడితే, మెడ నొప్పి పుట్టేదాకా స్ఫురించని సంగతి ఒకటుంది. ఆ కప్పు మీద నీలం దాదాపు లేదు. కావి ఉంది, పసుపు మట్టిరంగు ఉంది, తెలుపూ నలుపూ ఉన్నాయి, అక్కడక్కడ ఆకుపచ్చ ఉంది. పార్వతీ కల్యాణంలో వరసగా నిలబడిన ఆడవాళ్ల చీరల మీద గళ్లు, చారలు, పువ్వులు ఎంతసేపు చూసినా తరగవు. ముఖాలన్నీ పక్కకు తిరిగి ఉంటాయి. ప్రతి రూపం చుట్టూ సన్నని నల్లగీత. ఆ గీత లోపల రంగు చదునుగా, నిబ్బరంగా పరుచుకొని ఉంటుంది. ఇన్ని ఉన్నా, నీలకంఠుడి కథలు రాసిన ఆ కప్పు మీద నీలానికే కరువు.

అచ్యుతరాయల ఏలుబడిలో, అంటే 1529 నుంచి 1542 దాకా సాగిన కాలంలో, విరుపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన గుడి ఇది. ఇక్కడి బొమ్మల్లో నీలం లేకపోవడాన్ని కొందరు కళాచరిత్రకారులు తరుగుగానే లెక్కగట్టారు. విజయనగర చిత్రకళ వాలుముఖం పట్టిందనడానికి ఇదొక గుర్తు అన్నారు. చాలాకాలం నేనూ ఆ మాటే నమ్మాను. మా మామ దానిమ్మ తోటలో ఒక పొద్దున కొడవలి మీద ఎరుపు పుట్టడం చూశాక నా లెక్క మారింది.

ఊరి మొదట్లో ఒకే రాతిలో తొలిచిన నంది ఉంది కదా, 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. దాన్ని దాటి పొలాల్లోకి దిగితే కాళ్ల కింద ఎర్రమన్ను. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ కురిసే నేల. ఆ కురిసేది కూడా అడిగినప్పుడు కురవదు. బోరు నీళ్లు, డ్రిప్పు పైపులు, వాటి చివర దానిమ్మ చెట్లు. కొమ్మలు కత్తిరించిన చెట్టుకు గాయాలుంటాయి. గాయంలోంచి తెగులు దిగకుండా బోర్డో మందు కొట్టాలి. వంద లీటర్ల నీటికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం. దానిమ్మ తోటలున్న ఊళ్లో ఈ లెక్క ఎవరినడిగినా చెబుతారు.

మైలుతుత్తాన్ని మామ ముందురోజు రాత్రే గుడ్డమూటలో కట్టి, ప్లాస్టిక్ డ్రమ్ములో నీటి పైభాగాన వేలాడదీశాడు. కిందికి వదిలేస్తే అడుగున గడ్డకట్టి కూర్చుంటుందట. మూటలోంచి నీలం దారాలు దారాలుగా జారుతోంది. కరిగిన తుత్తం నీటికంటే బరువు. అందుకే దిగుతుంది. దిగుతూ మెలిక తిరుగుతుంది, మెలికల్లో చిక్కబడుతుంది. మయూరతుత్థం అని సంస్కృతంలో ఊరికే అనలేదు. నెమలి మెడ తిప్పినప్పుడు కనిపించే నీలమే అది. గుడి కప్పు మీద వెతికి వెతికి దొరకని రంగు ఊరి బయట ప్లాస్టిక్ డ్రమ్ములో కిలోల లెక్కన ఉంది.

రెండో డ్రమ్ములో సున్నం. వడగట్టిన పాలలా ఉంది. తుత్తం నీళ్లను సున్నం పాలలోకి నెమ్మదిగా పోస్తూ కర్రతో కలిపాం. నెమలి నీలం ఒక్కసారిగా ముసురు విడిచిన ఆకాశం రంగుకు తిరిగింది. చిక్కగా, మందంగా. అయిపోయిందనుకున్నాను. మామ కొడవలి తీశాడు. ఇసుకతో బాగా తోమి, తళతళలాడేదాకా తుడిచి, ఆ మందులో ముంచాడు. కాసేపు ఉంచి పైకెత్తాడు.

"ఎర్రబడె సూడల్లుడా," అన్నాడు. "సున్నం సాల్లేదు. ఇంగ రవ్వంత పొయ్యి."

నేను సున్నం వైపు కదల్లేదు. కొడవలినే చూస్తున్నాను.

ఆ ఎరుపును రాగిరంగు అని ఒక్కమాటలో తేల్చేస్తే అన్యాయం. మొదట అది రంగులా ఉండదు, బిడియంలా ఉంటుంది. ఉక్కు తెలుపు మీద లేత గులాబి నీడ. పదును అంచున, ఇసుక గీసిన సన్నని గీతల్లో ముందుగా తేలుతుంది. తర్వాత గీతలు ఒకదాన్నొకటి కలుపుకొని మరక అవుతాయి. మరక పరుచుకొని పొర అవుతుంది. ఎక్కడ మొదలైందో చెప్పగలం గానీ, ఎప్పుడు మొదలైందో చెప్పలేం. పద్యంలో రసం కూడా అంతే. ఫలానా మాట దగ్గర పుట్టిందని వేలు పెట్టి చూపలేం. వేలు పెట్టేసరికి అది పద్యమంతా ఉంటుంది.

ఇదే దృశ్యాన్ని తీరుబడిగా చూడాలంటే బడి ప్రయోగం చాలు. గాజు గ్లాసులో తుత్తం నీళ్లు, అంటే రాగి సల్ఫేటు ద్రావణం; దారానికి కట్టి దించిన ఇనుపమేకు. పదో తరగతి పుస్తకంలో దీన్ని స్థానభ్రంశ చర్య అన్నారు. చర్యాశీలత ఎక్కువున్న లోహం తక్కువున్న లోహాన్ని దాని లవణ ద్రావణంలోంచి తొలగిస్తుందని నిర్వచనం. పరీక్షకు ఆ వాక్యం చాలు. కంటికి చాలదు. మేకు మీద ఎరుపు పేరుకుంటున్నకొద్దీ నీళ్లలో నీలం పలచబడుతుంది. గంటలు గడిచేకొద్దీ నీలం వెళ్లిపోయి లేత ఆకుపచ్చ మిగులుతుంది. రెండు రంగులూ ఒక తక్కెడకు వేలాడుతున్నట్టు, ఒకటి పైకి లేస్తే ఇంకొకటి కిందికి దిగుతుంది. మేకు మీద కనిపించే ఎరుపంతా కాసేపటి క్రితం నీళ్లలో నీలంగా ఉన్నదే. నీళ్లలో విడివిడిగా తిరిగే రాగి అయాను నీలం. అదే రాగి లోహమై కూర్చుంటే ఎరుపు. వేషం మారింది, పాత్ర మారలేదు.

పాతకాలపు రసవాదులు ఇక్కడే బోల్తాపడ్డారు. ఇనుము రాగిగా మారిందనుకున్నారు. ఇనుము రాగైతే రేపు రాగి బంగారం కాదా అని ఆశపడ్డారు. తాడులో పామును చూసినట్టే ఇది. సోంగ్ రాజుల కాలంలో చీనావాళ్లు మాత్రం తర్కం మాట అటుంచి లాభం చూసుకున్నారు. గనుల దగ్గర ఊరే నీలి నీళ్లలో ఇనుప రేకులు పేర్చి, వాటి మీద పేరుకున్న రాగిని గోకి నాణేల పనికి పంపారు. మన రసశాస్త్ర గ్రంథకారులు తుత్థాన్ని నిప్పుదారిన నడిపించి రాగిని తీశారు. ఆ సత్వాన్ని వాళ్లు పోల్చింది ఇంద్రగోపంతో. తొలకరికి మన చేలల్లో ఎర్ర ముఖమల్ ముక్కలా పాకే ఆరుద్ర పురుగే అది. నెమలి మెడ నీలంలోంచి ఆరుద్ర పురుగు ఎరుపు. ఈ రెండు పోలికల్ని పక్కపక్కన పెట్టిన మనిషి కొలిమి ముందు కూర్చున్నా కవే. నెమలి, ఆరుద్ర పురుగు రెండూ వానకు చుట్టాలు. కరువుసీమవాణ్ని కాబట్టి నాకది ముందు తట్టింది.

మరి నిజంగా జరిగేదేమిటి? ఇనుప పరమాణువు ఒకటి మేకును విడిచి నీళ్లలోకి దిగుతుంది. దిగుతూ తన రెండు ఎలక్ట్రాన్లను మేకులోనే వదిలిపెడుతుంది. ఆ రెండింటినీ నీళ్లలోని రాగి అయాను అందుకొని లోహమై కుదురుకుంటుంది. ఒకటి వెళితే ఒకటి వస్తుంది, తూకం తప్పదు. అయితే వెళ్లిన చోటే రానవసరం లేదు. ఎలక్ట్రాన్లు లోహంలో స్వేచ్ఛగా నడుస్తాయి కాబట్టి, వీడ్కోలు ఒకచోట, స్వాగతం మరోచోట జరగొచ్చు. మేకు ఒళ్లంతా వార్త మోసే తీగ. బరువుల లెక్క తీస్తే 56 గ్రాముల ఇనుము దిగిపోయిన చోటుకు 63.5 గ్రాముల రాగి వచ్చి చేరుతుంది. ఇచ్చినదానికంటే పుచ్చుకున్నదే బరువు. ఇంత జరుగుతున్నా సల్ఫేటు మాత్రం ఏ పక్షమూ చేరదు. మొదట రాగితో ఉంది, చివర ఇనుముతో ఉంది, తాను మారలేదు. రసాయనవేత్తలు దాన్ని ప్రేక్షక అయాను అంటారు. నాటకం రక్తి కట్టాలంటే కదలకుండా కూర్చునే సహృదయుడొకడు ఉండాలని మన ఆలంకారికులు చెప్పిందీ అదే.

అన్ని లోహాలూ ఒకే తీరున రంజింపజేయవు. కావ్యానికి మూడు పాకాలు చెప్పారు పెద్దలు. ఈ చర్యలకూ అవి సరిపోతాయి. వెండి నైట్రేటు ద్రావణంలో రాగితీగ వేయండి. ద్రాక్షాపాకం. నోట్లో వేసుకోగానే రసం. చూస్తుండగానే తీగకు వెండి సూదులు మొలుస్తాయి, సూదులకు కొమ్మలు, కొమ్మలకు రెమ్మలు. మంచుపట్టిన సరుగుడు చెట్టులా తళుక్కుమంటుంది. ఇక్కడ నీళ్లు రంగులేమి నుంచి నీలానికి నడుస్తాయి, ఎందుకంటే ఈసారి దిగిపోయేది రాగి. 63.5 గ్రాముల రాగి పోతే 216 గ్రాముల వెండి వస్తుంది. ఐశ్వర్యవంతమైన చర్య. కాకపోతే అలంకారం మరీ ఎక్కువ. శ్లేష మీద శ్లేష వేసిన ప్రబంధంలా, అబ్బురపడి లేచొస్తాం.

అల్యూమినియం నారికేళపాకం. లెక్కప్రకారం రాగిని ఇనుముకంటే చురుగ్గా తొలగించాలి. తుత్తం నీళ్లలో వేస్తే గంటలు గడిచినా ఉలకదు, పలకదు. దాని ఒంటి మీద కంటికి కనిపించని ఆక్సైడ్ పెంకు ఉంది. చిటికెడు ఉప్పు వేయండి. క్లోరైడ్ ఆ పెంకును పగలగొడుతుంది. ఇక పొంగు, వేడి, గోధుమరంగు పొట్టు. కొబ్బరికాయ కొట్టడం తెలిసినవాడికే లోపలి తీపి.

ఇనుముది కదళీపాకం. తొక్క ఒలుచుకోవాలి, అంతే. తుప్పో జిడ్డో ఉంటే రాగి సరిగ్గా పట్టదు. అందుకే బడిపిల్లలు మేకును గరుకు కాగితంతో రుద్దుతారు, మామ కొడవలిని ఇసుకతో తోముతాడు. ఆ తర్వాత తొందరా లేదు, బెట్టూ లేదు. చూసేవాడి ఊపిరికి తగిన నడక. ఈ మూడింటిలో నా ఓటు దీనికే. వెండిచెట్టు ఆశ్చర్యపరుస్తుంది, అల్యూమినియం బెదరగొడుతుంది, ఇనుము మీద రాగి పక్కన కూర్చోబెట్టుకుంటుంది.

ఇంత చెప్పాక ఒక ఇబ్బందికరమైన నిజం ఒప్పుకోవాలి. నేను మైమరచి చూసిన ఆ ఎరుపు మామకు అపశకునం. కొడవలి ఎర్రబడిందంటే మందులో కట్టుబడని రాగి ఇంకా తిరుగుతోందన్నమాట. దాన్ని అలాగే కొడితే ఆకు మాడుతుంది. నాకు రసోదయమైనది తోటకు విషం. అందుకే మందును ఇనుప పాత్రలో కలపకూడదు. తోట పెట్టిన కొత్తలో ఎవరో చెప్పినట్టు ఇనుప డబ్బాలో కలిపి మోసపోయానని మామ ఆ రోజే చెప్పాడు. "మందంతా డబ్బాకే పట్టె. సెట్టుకేం మిగిలె?" డబ్బా లోపలంతా రాగిపూత వచ్చి మెరిసిందట. అది ఎంత అందంగా ఉండేదో అని నేను లోలోపల అనుకొని, పైకి అనలేకపోయాను.

ఎరుపును మాన్పేది సున్నం. సున్నానికీ తుత్తానికీ జరిగేది వేరే తరహా చర్య. ద్వంద్వ వియోగం అని పుస్తకం అంటుంది, మన ఊళ్లలో కుండమార్పిడి అంటే తేలిగ్గా తెలుస్తుంది. ఆ ఇంటి పిల్ల ఈ ఇంటికి, ఈ ఇంటి పిల్ల ఆ ఇంటికి. కాల్షియం చేతిలోని హైడ్రాక్సైడ్ రాగికి, రాగి చేతిలోని సల్ఫేటు కాల్షియానికి. పెళ్లి కుదిరాక రాగి నీళ్లలో ఒంటరిగా తిరగదు. నీలి నలుసై సున్నంతో కలిసి ఆకుకు అంటుకుంటుంది. మంచుకో తడికో రవ్వ రవ్వగా కదిలి, బూజు విత్తనాన్ని మొలకెత్తనివ్వదు. ఫ్రాన్సులో బోర్డో దగ్గరి సేంజులియన్ ద్రాక్షతోటల్లో 1882లో మిలార్డే అనే శాస్త్రవేత్త గమనించింది ఇదే. దారిపక్క తీగల మీద దొంగలు భయపడేలా తుత్తం, సున్నం చల్లి ఉంచారు. ఊరంతా బూజు పడితే ఆ తీగలు మాత్రం ఆకు రాల్చలేదు. 1885లో ఆయన దాన్ని లోకానికి మందుగా ఇచ్చాడు. దొంగల కోసం పూసిన రంగు తెగులుకు తగిలింది.

మరి ఆ పొద్దున మా మందులో సున్నం ఎందుకు చాల్లేదు? కొలత సరిగ్గానే వేశాం. తప్పు బస్తాది. నోరు విప్పి నెల దాటిందట. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని సున్నం మెల్లగా రాయిగా మారిపోతుంది. చూడ్డానికి అదే తెలుపు, చేతికి అదే పొడి, లోపల పస సగం పోయి ఉంటుంది. మామ ఈ మాట చెబుతుంటే నా మనసు ఒక్క గంతులో గుడి కప్పు కిందికి వెళ్లింది. బస్తాలో సున్నాన్ని చెడగొట్టిన ఆ గాలే, గుడి కప్పు మీద సున్నపుగారను రాయిగా బిగించింది. సున్నం గాలి తాగి గట్టిపడబట్టే ఆ పార్వతి ఇంకా పెళ్లిపీటల దగ్గర ఉంది. ఒకే చర్య తోటలో దోషం, గుడిలో ప్రాణం.

అప్పుడు ఇంకొకటి తట్టింది. నా చిన్నప్పుడు బడిలో ఈ ప్రయోగం చేశాక, మిగిలిన లేత ఆకుపచ్చ నీళ్లు ఒక సీసాలో కిటికీ మీద ఉండిపోయాయి. ఎవరూ పారబోయలేదు. కొన్నాళ్లకు అవి మసకబారాయి. పైన పసుపు తేరింది, అడుగున కావి మడ్డి దిగింది. పాడైపోయాయి అనుకున్నాం. నీళ్లలోకి దిగిన ఇనుము గాలి తగిలి తుప్పుజాతికి తిరుగుతుందని తర్వాత చదువుకున్నాను. పసుపు మట్టిరంగుకు, కావికి మూలం ఆ ఇనుమే. చేలో ఎర్రమన్నుకూ అదే మూలం. అంటే ఆ సీసా నీలంతో మొదలై, ఎరుపు మీదుగా, పచ్చని దాటి, చివరికి పసుపు-కావి దగ్గర ఆగింది. లేపాక్షి కప్పు రంగుల దగ్గరే ఆగింది.

అందుకే ఆ కప్పును ఇప్పుడు లేమిగా చూడలేను. ఆ చిత్రకారుడు నీలం దొరక్క వదిలేశాడో, వద్దనుకొని వదిలేశాడో గానీ, అతని పళ్లెంలో ఉన్నది ఈ నేల. ఈ నేలంతా ఇనుము. ఇనుము లోహంగా ఉన్న చోట కట్టుబడని రాగినీలం నిలవదు, స్థానం ఖాళీ చేయాల్సిందే. చిత్రకళకు ఇది కారణమని నేను అనను. కానీ రెండింటినీ చూసిన కంటికి ఆ పోలిక వదలదు. స్థానభ్రంశం అన్న మాటకు మన సీమలో చేదు అర్థమే ఎక్కువ. వాన తప్పిన ఏడు ఇంటికి తాళమేసి బెంగళూరు బస్సెక్కడం అది. ఎక్కినవాడి చోటు ఊళ్లో ఖాళీగానే ఉంటుంది. కొడవలి మీద జరిగేది అలాంటిది కాదు. అక్కడ ఒక పోకకు ఒక రాక ఉంటుంది, ఏ రాకకూ లెక్క తప్పదు. ఆ ఎరుపు అందం నిండుతనంలో లేదు, ఆ నికరమైన లెక్కలో ఉంది.

పూతకూ పుట్టుకకూ తేడా కూడా అక్కడే. గుడి కప్పు మీది ఎరుపును ఒక చెయ్యి పూసింది, సున్నం పట్టుకుంది, ఐదు వందల ఏళ్లుగా విడవలేదు. కొడవలి మీది ఎరుపును ఎవరూ పూయలేదు, దానంతటది పుట్టింది. కానీ బొటనవేలితో రుద్దితే పొడిలా లేచి వచ్చేసింది. నా వేలి మీద రవ్వంత రాగి. దాని కింద మళ్లీ ఉక్కు తెలుపు. పట్టుకునేవాడు లేని రంగు అంతే నిలుస్తుంది.

"సూసింది సాలుగానీ, సున్నం పొయ్యల్లుడా," అన్నాడు మామ. కొత్త బస్తా విప్పి, రెండు చెంబులు వడగట్టి పోశాను. కర్రతో కలిపాను. ఆకాశం రంగు ఇంకాస్త చిక్కబడింది. మామ కొడవలిని మళ్లీ తోమి ముంచాడు. ఇద్దరం నోరు మెదపకుండా నిలబడ్డాం. పైకెత్తాడు.

ఏమీ లేదు. నీళ్లు జారి, వెల్లటి అంచు పొద్దుటెండలో మెరిసింది. ఎరుపు రాలేదు.

నాకు ఒక్క క్షణం వెలితి. మామ ముఖంలో నిండు తృప్తి. కొడవలిని గట్టున గుచ్చి, మందుపంపు భుజానికెత్తుకొని చెట్లలోకి వెళ్లిపోయాడు. మధ్యాహ్నానికి తోటంతా ఆకు ఆకునా నీలి చుక్కలు ఆరాయి. కప్పు మీద చోటు దొరకని రంగు, సున్నం పట్టుకోగా, దానిమ్మ ఆకుల మీద నిలబడింది.